జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో తిరుగుబాట్లు, హింసాత్మక ఆందోళనలు

ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం 2016 వరకు ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో భాగం. ఇప్పుడిది జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఉంది. నిజాం కాలం నుంచి నేటిదాకా ఇక్కడ రైతు, కూలీ తిరుగుబాట్లు, దొరల దాడులు, పోలీసు కాల్పులు, నక్సలైట్ల హత్యలు, ఎన్‌కౌంటర్లు, రాస్తారోకోలు అనేకం జరిగాయి. వీటిలో దేశవ్యాప్తంగా చర్చకు వచ్చినవి 1977–78 నాటి రైతు కూలీ ఆందోళనలు, 1978 సెప్టెంబర్ 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర, ఆ తర్వాత నెలన్నర లోపే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం. ఊరి పంచాయితీలో కూలీ రేటు, దండుగ సొమ్ము, శిఖం (చెరువు ముంపు) భూమి మీద మొదలైన తగాదాలు రాజధాని దాకా పాకి, ఆపై పాతికేళ్లకు పైగా సాయుధ ఘర్షణగా సాగిన తీరుకు ఈ ప్రాంతం ముఖ్యమైన ఉదాహరణ.

నేపథ్యం: గడీ, వెట్టి, దండుగ

హైదరాబాద్ సంస్థానంలో ఈ తాలూకాల గ్రామాలు ఎక్కువగా దేశ్‌ముఖ్‌లు, మక్తేదార్లు, పటేల్ పట్వారీల చేతుల్లో ఉండేవి. ఊరి నడుమ ఎత్తయిన గోడల గడీయే కచేరీ, ధాన్యపు కొట్టం, తీర్పులు చెప్పే చోటు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలైన వృత్తుల వారు గడీకి పైసా తీసుకోకుండా పనిచేయాలి. దొర ఇంట పెళ్లయినా, చావయినా ఊరంతా వెట్టికి కదలాలి. జీతగాళ్లు తీసుకున్న అప్పుకు ఏళ్ల తరబడి, కొన్ని ఇళ్లలో తరతరాలుగా పనిచేసేవారు. నాగు పేరుతో ఇచ్చిన గింజలకు పంట చేతికొచ్చాక సగం వడ్డీ కలిపి కొలుచుకునేవారు. కుటుంబ తగాదా అయినా, పశువు చేలో పడినా పంచాయితీ గడీ ముందే జరిగేది. అక్కడ వేసిన దండుగ దొరకే ముట్టేది.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం, 1973లో ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం వచ్చాయి. వెట్టిని నిషేధిస్తూ 1975లో ఆర్డినెన్సు, 1976లో చట్టం చేశారు. అయినా పంచాయతీరాజ్ వ్యవస్థలోనూ సర్పంచ్, సమితి పదవులు చాలాచోట్ల పాత కుటుంబాలకే దక్కాయి. ప్రభుత్వ బంజరు, చెరువు శిఖం, బంచరాయి (పశువుల మేత) భూములు కూడా వారి సాగులోనే ఉన్నాయి. ఇదే కాలంలో 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ ఈ వైపు వచ్చింది. నీళ్లు వస్తాయనగానే భూమి విలువ పెరిగింది. అంతవరకు ఎవరూ పట్టించుకోని బీడు నేలల మీద కూడా పోటీ మొదలైంది.

సాయుధ పోరాట కాలం (1946–51)

నిజాం వ్యతిరేక సాయుధ పోరాటం నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో సాగినంత ఉధృతంగా కరీంనగర్‌లో సాగలేదు. సిరిసిల్ల, హుస్నాబాద్ వైపు గ్రామాల్లో మాత్రం దాని జాడలు బలంగానే ఉన్నాయి. పోలంపల్లికి చెందిన అనభేరి ప్రభాకరరావు దళం ఊరూరా తిరిగి పటేల్ పట్వారీల రికార్డులను తగులబెట్టింది. భూమి మీద, అప్పు మీద దొరకు పట్టు ఇచ్చే కాగితాలు అవే కాబట్టి దళాలు ముందుగా వాటి మీదే పడ్డాయి. 1948 మార్చి 14న మహ్మదాపూర్ గుట్టల దగ్గర నిజాం బలగాల దాడిలో అనభేరి, ఆయన సహచరుడు సింగిరెడ్డి భూపతిరెడ్డి, మరో పదిమంది మరణించారు. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసినా కమ్యూనిస్టు దళాల పోరాటం 1951 అక్టోబర్ దాకా ఆగలేదు.

పోరాటం విరమించాక ఆ నాయకత్వం ఎన్నికల బాట పట్టింది. సిరిసిల్ల తాలూకా గాలిపల్లికి చెందిన బద్దం ఎల్లారెడ్డి 1952లో పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ తరఫున కరీంనగర్ లోక్‌సభ స్థానం గెలిచారు. చెన్నమనేని రాజేశ్వరరావు సిరిసిల్ల నుంచి పలుమార్లు శాసనసభకు ఎన్నికయ్యారు. తర్వాతి తరం ఆందోళనలు వచ్చేనాటికి సంఘం పెట్టడం, సభ జరపడం, దొర మీద ఫిర్యాదు రాయడం ఇక్కడి పల్లెలకు కొత్త విషయాలు కావు.

ఎమర్జెన్సీ తర్వాత పల్లెలు

1967లో నక్సల్‌బరీ, ఆ తర్వాత శ్రీకాకుళం పోరాటాల ప్రభావం ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాల మీదుగా కరీంనగర్ కాలేజీలకు చేరింది. 1974లో రాడికల్ విద్యార్థి సంఘం ఏర్పడింది. 1975 డిసెంబర్ 1న ఆదిలాబాద్ రైతు కార్యకర్తలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీయడం ఈ జిల్లాల యువకులను బాగా కదిలించింది. 1977 మార్చిలో ఎమర్జెన్సీ తొలగాక జైళ్ల నుంచి విడుదలైన కార్యకర్తలు, సెలవుల్లో ఊళ్లకు మళ్లిన విద్యార్థులు కలిసి రైతు కూలీ సంఘాలు కట్టారు. 1978లో మొదలైన ‘గ్రామాలకు తరలండి’ ప్రచారంలో విద్యార్థులు బృందాలుగా పల్లెలు తిరిగారు. పాట, గజ్జె, గొంగడితో జననాట్యమండలి ప్రదర్శనలు వారి వెంట నడిచాయి. కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలోని సి.పి.ఐ. (ఎం.ఎల్.) రాష్ట్ర కమిటీ ఈ పనికి వెన్నుదన్నుగా ఉంది. బీర్‌పూర్‌కు చెందిన ఉపాధ్యాయుడు ముప్పాళ్ల లక్ష్మణరావు, పెద్దపల్లికి చెందిన మల్లోజుల కోటేశ్వరరావు ఈ కాలంలోనే ముందుకు వచ్చారు. తర్వాతి కాలంలో మొదటివారు గణపతిగా, రెండవవారు కిషన్‌జీగా దేశానికి తెలిశారు.

సంఘాల కోర్కెలు ఊరి గడప దాటనివే: జీతగాళ్ల జీతాలు, కూలీ రేట్లు పెంచాలి; వెట్టి మానాలి; పంచాయితీల్లో గుంజిన దండుగలు, లంచాలు తిరిగి ఇవ్వాలి; దొరల కబ్జాలోని ప్రభుత్వ భూములు పేదలకు వదలాలి; తునికాకు కట్ట ధర పెంచాలి. మద్దునూరు, చిన్నమెట్‌పల్లి, లొత్తునూరు వంటి గ్రామాల పేర్లు అప్పటి వార్తల్లో, కరపత్రాల్లో తరచుగా వినిపించేవి.

బహిష్కారం నడిచిన తీరు

ఈ దశలో ఎక్కువగా వాడిన ఆయుధం సాంఘిక బహిష్కారం. సంఘం ముందుగా దొరకు కబురు పంపేది. ఫలానా రోజు ఊరి ముందుకు వచ్చి లెక్క చెప్పాలని అడిగేది. అతడు రాకపోతే మరునాటి నుంచి జీతగాడు అరక కట్టడు. చాకలి బట్టలు ముట్టడు. మంగలి గడ్డం గీయడు. పశువుల కాపరి మందను తోలుకుపోడు. గడీలో పొయ్యి వెలిగించే మనిషి, బావిలో నీళ్లు చేదే మనిషి కూడా ఉండరు. కట్టు తప్పి పనికిపోయిన వారికి సంఘమే జరిమానా వేసేది. వేలెకరాల మీద అజమాయిషీ ఉన్నా సొంత చేత్తో చెంబెడు నీళ్లు ముంచుకోవడం తెలియని ఇళ్లకు ఇది గట్టి దెబ్బ.

లొంగివచ్చిన చోట బహిరంగ పంచాయితీ జరిగేది. పదేళ్ల కిందటి దండుగ కూడా ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో జనం ముందు చదివి, సొమ్ము వాపసు ఇప్పించేవారు. కొన్నిచోట్ల ఎర్రజెండాలు పాతి ప్రభుత్వ భూములు దున్నారు. ఇంతవరకు తుపాకుల ప్రమేయం తక్కువే. ఘర్షణలు లేవని మాత్రం చెప్పలేం. కర్రలు, గొడ్డళ్లు, రాళ్లతో కొట్లాటలు జరిగాయి, గడ్డివాములు తగలబడ్డాయి. దొరల మనుషులు సంఘం నాయకుల ఇళ్ల మీద పడితే సంఘాల వారు గడీల మీద పడ్డారు. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. పోలీసు క్యాంపులు చాలా ఊళ్లలో గడీల్లోనే దిగడంతో ప్రభుత్వం ఎవరి పక్షమన్నది జనం ఆనాడే తేల్చుకున్నారు.

జగిత్యాల జైత్రయాత్ర

1978 సెప్టెంబర్ 7న జగిత్యాల పట్టణంలో రైతు కూలీల ఊరేగింపు, బహిరంగ సభ జరిగాయి. చుట్టుపక్కల సుమారు 150 గ్రామాల నుంచి 35 వేల మంది దాకా వచ్చారని ఉద్యమ వర్గాలు చెబుతాయి. జనం కాలినడకన, ఎడ్లబండ్ల మీద, సద్దిమూటలతో తరలివచ్చారు. దొర ఎదురైతే చెప్పులు చేతబట్టుకుని పక్కకు తప్పుకునే అలవాటున్న ఊళ్ల వారు తాలూకా కేంద్రం నడివీధిలో నినాదాలిస్తూ నడవడం అధికారులకూ భూస్వాములకూ కలవరం పుట్టించింది. ఆ రోజు పెద్ద హింస ఏదీ జరగలేదు. దాని ఫలితం పల్లెల్లో కనిపించింది. చాలామంది దొరలు గడీలకు తాళాలు వేసి జగిత్యాల, కరీంనగర్, హైదరాబాద్‌లకు మకాం మార్చారు.

అదే సంవత్సరం రాజధాని కూడా ఉడికిపోయి ఉంది. మార్చి నెలాఖరులో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీపై అత్యాచారం, ఆమె భర్త మరణం మీద హైదరాబాద్ భగ్గుమంది. పోలీస్ స్టేషన్ మీద దాడి, కాల్పులు, కర్ఫ్యూ, చివరకు జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణ వరకు వ్యవహారం సాగింది. ఆ నెలలోనే ముఖ్యమంత్రి అయిన మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వానికి పోలీసుల మీద ఆగ్రహం ఎంత దూరం పోగలదో మొదటి నెలలోనే అర్థమైంది. అయితే నగరంలో ఆ ఆగ్రహం కొద్దిరోజుల్లో చల్లారితే, జగిత్యాల పల్లెల్లో దానికి సంఘం రూపంలో కట్టుబాటు ఉంది. అందుకే అక్కడ ప్రభుత్వం కర్ఫ్యూతో సరిపెట్టలేదు.

కల్లోలిత ప్రాంతాల ప్రకటన

1978 అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దీనికి వాడింది 1948 నాటి అల్లర్ల అణచివేత చట్టం. మద్రాసు రాష్ట్రంలో కమ్యూనిస్టుల మీద ప్రయోగించడానికి పుట్టిన ఈ చట్టాన్ని 1969లో శ్రీకాకుళంలోనూ వాడారు. దీని ప్రకారం ప్రకటిత ప్రాంతంలో ఐదుగురు లేదా అంతకు మించి గుమికూడరాదన్న ఉత్తర్వును, ఆయుధాలు పట్టరాదన్న ఉత్తర్వును ఉల్లంఘించిన వారిపై హెచ్చరిక చేసి ప్రాణం పోయేలా కాల్పులు జరపవచ్చు. సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారికే ఆ అధికారం ఉంది. మామూలు శిక్షాస్మృతిలో అల్లరికి పడేది జైలు లేదా జరిమానా. ఇక్కడ శిక్ష కోర్టు దాకా పోనవసరం లేకుండా పోయింది.

ప్రకటన వెంటనే అదనపు బలగాలు దిగాయి. ఊళ్ల మీద రాత్రి దాడులు, సామూహిక అరెస్టులు, కేసులు నిత్యకృత్యమయ్యాయి. సంఘం సభ్యులు పగలు ఇళ్లలో ఉండలేని స్థితి వచ్చింది. బహిరంగంగా పనిచేసిన కార్యకర్తల్లో కొందరు రాజీపడ్డారు, కొందరు జైలుకు వెళ్లారు, మిగిలినవారు అజ్ఞాతంలోకి పోయారు. చరిత్రకారులు ఈ ప్రకటనను మలుపుగా చూడడానికి కారణమిదే. సభలు పెట్టుకునే వీలు పోయాక సంఘం స్థానంలోకి దళం వచ్చింది. సాయుధ పోరాటం పార్టీ పంథాలో ముందునుంచీ ఉన్నదేనని, ప్రభుత్వ చర్య దాన్ని ముందుకు జరిపిందే తప్ప పుట్టించలేదని పోలీసు అధికారుల వాదన. ఈ రెండు వాదనలూ నేటికీ కొనసాగుతున్నాయి.

దళాలు, ఎన్‌కౌంటర్లు (1980–2005)

1980 ఏప్రిల్ 22న కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో పీపుల్స్‌వార్ పార్టీ ఏర్పడింది. అదే ఏడాది నుంచి దళాలు గోదావరి దాటి ఆదిలాబాద్, గడ్చిరోలి, బస్తర్ అడవులకు విస్తరించాయి. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల సభపై పోలీసులు కాల్పులు జరిపారు. మరణించినవారు 13 మందని ప్రభుత్వం చెప్పింది. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని హక్కుల సంఘాలు, స్థానికులు అన్నారు. జగిత్యాల ప్రకటనకు, ఇంద్రవెల్లి కాల్పులకు నడుమ మూడేళ్లు కూడా లేవు.

1989లో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్ ఆధ్వర్యంలో నక్సలైట్ల అణచివేతకు గ్రేహౌండ్స్ దళం ఏర్పడింది. అదే ఏడాది చివర చెన్నారెడ్డి రెండోసారి ముఖ్యమంత్రి అయ్యాక కొద్దికాలం ఆంక్షలు సడలించడంతో 1990లో బహిరంగ సభలకు లక్షల్లో జనం వచ్చారు. ఆ వెసులుబాటు ఎక్కువకాలం నిలవలేదు. 1992 మే నెలలో పీపుల్స్‌వార్‌ను నిషేధించారు. ఆ దశకంలో ఈ ప్రాంతపు పల్లెలు రెండు భయాల నడుమ బతికాయి. ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో హత్యలు, ప్రజాకోర్టుల శిక్షలు, ఆర్టీసీ బస్సుల దహనం, ప్రభుత్వ భవనాల పేల్చివేత ఒకవైపు. అన్నం పెట్టారన్న అనుమానంతో పట్టుకుపోవడం, చిత్రహింసలు, ఎదురుకాల్పుల పేరిట చంపడం ఇంకోవైపు. రాత్రి అన్నలకు (నక్సలైట్లకు) తలుపు తీసిన ఇంటికే తెల్లారి పోలీసులు వచ్చేవారు. 1999 ఏప్రిల్‌లో మాజీ స్పీకర్ డి. శ్రీపాదరావును పీపుల్స్‌వార్ కాల్చి చంపింది. అదే ఏడాది డిసెంబర్ 2న కొయ్యూరు అడవిలో ఎన్‌కౌంటర్ జరిగిందంటూ ముగ్గురు కేంద్ర నాయకుల మరణాన్ని పోలీసులు ప్రకటించారు. వారు నల్లా ఆదిరెడ్డి, సంతోష్‌రెడ్డి, జగిత్యాల ప్రాంతానికి చెందిన శీలం నరేశ్. వారిని బెంగళూరులో పట్టుకుని తెచ్చి చంపారని పార్టీ, హక్కుల సంఘాలు ఆరోపించాయి.

సిరిసిల్ల వైపు మరో నక్సలైట్ పార్టీ జనశక్తి బలంగా ఉండేది. ఎం.ఎల్. రాజకీయాల నుంచి వచ్చిన ఎన్.వి. కృష్ణయ్య 1989లో స్వతంత్ర అభ్యర్థిగా సిరిసిల్ల శాసనసభ స్థానం గెలవడం ఇక్కడ ఆ రాజకీయాలకున్న బలానికి గుర్తు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వంతో జరిగిన చర్చల్లో పీపుల్స్‌వార్ కొనసాగింపైన మావోయిస్టు పార్టీ ప్రతినిధులతో పాటు జనశక్తి తరఫున అమర్, రియాజ్ కూర్చున్నారు. చర్చలు 2005 ఆరంభంలో విఫలమయ్యాయి. ఆ జులైలో రియాజ్ కరీంనగర్ జిల్లాలో ఎన్‌కౌంటర్‌లో మరణించారు. ఆ తర్వాత ఒకటి రెండేళ్లలోనే ఈ ప్రాంతంలో దళాల సంచారం దాదాపు ఆగిపోయింది.

పార్టీ పైస్థాయి నాయకత్వంలో మాత్రం ఈ ఊళ్ల పేర్లు చాలాకాలం నిలిచాయి. గణపతి 2004 నుంచి 2018 వరకు మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. కోరుట్లకు చెందిన తిప్పిరి తిరుపతి, అంటే దేవ్‌జీ, కేంద్ర కమిటీకి ఎదిగారు. కిషన్‌జీ 2011 నవంబర్‌లో పశ్చిమ బెంగాల్‌లో మరణించారు.

పౌరహక్కుల కార్యకర్తలపై దాడులు

లాకప్ మరణాలు, ఎన్‌కౌంటర్ల మీద నిజనిర్ధారణ చేసిన పౌరహక్కుల సంఘం ఇక్కడ భారీ మూల్యం చెల్లించింది. జగిత్యాల న్యాయవాది గోపి రాజన్న 1985లో, జిల్లా నాయకుడు జాపా లక్ష్మారెడ్డి 1986లో హత్యకు గురయ్యారు. వారి సహచరుడు, వరంగల్ పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథంను 1985 సెప్టెంబర్ 3న కాల్చి చంపారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన కె. బాలగోపాల్ ఈ జిల్లా ఘర్షణలను గ్రామం వారీగా నమోదు చేశారు. రాజ్య హింసతో పాటు నక్సలైట్ల హత్యలనూ ప్రశ్నించాలన్న ఆయన వైఖరి 1990లలో సంఘంలో చీలికకు దారితీసింది.

మగ్గాల పట్టణం, ప్రత్యేక రాష్ట్రం, భూమి తగాదాలు

1990ల చివర నుంచి ఈ ప్రాంతపు ఆందోళనల స్వభావం మారింది. మరమగ్గాల సంక్షోభంలో సిరిసిల్ల నేతన్నల ఆత్మహత్యలు వరుసగా జరిగాయి. పట్టణంలో బంద్‌లు, సాంచాల (మరమగ్గాల) నిలిపివేత, దీక్షలు సాధారణమయ్యాయి. కరువు, అప్పులు, పల్లెల్లోని భయం కలిసి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల యువకులను గల్ఫ్ బాట పట్టించాయి. 2009–14 తెలంగాణ ఉద్యమంలో రాస్తారోకోలు, వంటావార్పులు, 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె ఈ పట్టణాలను స్తంభింపజేశాయి. 2012 జులై 23న సిరిసిల్లలో వైఎస్సార్ కాంగ్రెస్ నాయకురాలు వై.ఎస్. విజయమ్మ చేనేత దీక్షను తెలంగాణవాదులు అడ్డుకోవడంతో ఉద్రిక్తత నెలకొంది.

రాష్ట్రం వచ్చాక కూడా ఘర్షణలు ఆగలేదు. 2017 జులైలో సిరిసిల్ల దగ్గరి నేరెళ్లలో ఇసుక లారీ ఢీకొని ఒకరు మరణించగా గ్రామస్థులు లారీలను తగులబెట్టారు. ఆ కేసులో పట్టుకున్న వారిని పోలీసులు తీవ్రంగా కొట్టారన్న ఆరోపణ రాష్ట్రమంతటా దుమారం రేపింది, హైకోర్టు దాకా వెళ్లింది. 2015 చివర ముత్యంపేట చక్కెర కర్మాగారం మూతపడినప్పుడు కోరుట్ల, మెట్‌పల్లి చెరకు రైతులు రోడ్డెక్కారు. 2023 జనవరిలో జగిత్యాల మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలు పోతాయని చుట్టుపక్కల గ్రామాలు రోడ్లు దిగ్బంధించగా, మున్సిపల్ కౌన్సిల్ ఆ ప్లాన్‌ను ఉపసంహరిస్తూ తీర్మానించింది.

సాహిత్యం, సినిమా

అల్లం రాజయ్య నవల ‘కొలిమంటుకున్నది’ జగిత్యాల రైతాంగ పోరాటం ఆధారంగా వచ్చింది. గడీ లోపలి జీవితాన్ని బి. నర్సింగరావు ‘దాసి’ (1988) చిత్రంలో చూపారు. ఈ ప్రాంతపు మాటతీరు, యాస తెలుగు కథలో స్థిరపడడంలో ఆ తరం రచయితల పాత్ర పెద్దది.

అంచనా

వెట్టి, దండుగలు, గడీ తీర్పులు ఈ ప్రాంతంలో అంతరించడానికి 1977–78 ఆందోళనలే ప్రధాన కారణమని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దు, 1985లో మండలాల ఏర్పాటు ఆ మార్పుకు తోడయ్యాయి. భూమి పంపిణీ విషయంలో ఫలితం అంత స్పష్టంగా లేదు. దొరలు వదిలిపోయిన భూముల్లో కొంత పేదలకు దక్కగా, చాలా భాగం మధ్యతరగతి రైతులు కొనుక్కున్నారు, కొంత ఏళ్ల తరబడి బీడుగానే పడి ఉంది. ఈ మార్పుల్లో ముఖ్యమైనవి సంఘాలు బహిరంగంగా పనిచేసిన ఏడాదిన్నరలోనే వచ్చాయి. ప్రాణనష్టంలో అత్యధిక భాగం ఆ తర్వాతి పాతికేళ్లలో జరిగింది. సభకు, ఊరేగింపుకు, పంచాయితీకి దారి మూసిన చోట తగాదా తీరకపోగా మరింత ఖరీదైన రూపం తీసుకుంటుందని ఈ రెండు తాలూకాల చరిత్ర చెబుతుంది. రైతుల రాస్తారోకో తర్వాత కౌన్సిల్ తీర్మానంతో ముగిసిన 2023 నాటి మాస్టర్ ప్లాన్ వివాదం అదే నేల మీద, అదే భూమి ప్రశ్న మీద జరిగినా, ఎవరి ప్రాణమూ పోకుండా తేలింది.